ఆడబిడ్డకి తోడు

రెండు బాక్సుల్లో చిత్రాన్నం సర్ది, మూతలు బిగించి, గుడ్డసంచిలో పెట్టాక గానీ పల్లవి ఇంకా లేవలేదన్న సంగతి హేమశ్రీ గమనించలేదు. మామూలుగా ఈపాటికి ఆ పిల్ల అద్దం ముందు నిలబడి, దువ్వెన దొరకలేదని ఇల్లంతా ఒకటి చేస్తూ ఉండాలి.

"పల్లవీ, లేమ్మా. రైలుకి టైమయితా ఉండాది."

దుప్పటి కదిలింది గానీ ముఖం బయటికి రాలేదు. "నేను రాను వదినా."

"కడుపునొప్పా?"

"నొప్పీ లేదు గిప్పీ లేదు. ఇయ్యాలే కాదు, ఇంకెప్పుడూ రాను. చదువు మానేస్తాండా."

హేమశ్రీ చేతిలోని సంచి అలాగే ఉండిపోయింది. వాకిట్లో చెనక్కాయల మూటలు సర్దుతున్న అత్త మునిరత్నమ్మ లోపలికొచ్చింది. కాఫీ గ్లాసుతో మామ ధనంజయ గడప దగ్గరికొచ్చాడు. ఇద్దరూ కలిసి అడిగారు, బతిమాలారు, కసిరారు. దుప్పటి మాత్రం తీయలేదు పల్లవి. మూడు సబ్జెక్టులు పోయాయని, మళ్లీ రాసినా పోతాయని, మగ్గం పని నేర్చుకుంటానని, అంతకుమించి తనని ఏమీ అడగొద్దని లోపలినుంచే చెప్పింది.

ధనంజయ గట్టిగా అరిచే మనిషి కాదు. కాఫీ అంతా తాగి, గ్లాసు కిందపెట్టి, తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

"దానికి ఇష్టం లేకుంటే మనం జేసేదేముండాది? బలవంతాన బడికి పంపేదానికి చిన్నబిడ్డా? హేమా, నువ్వు పోయి ఇద్దరి టీసీలూ తెచ్చేయ్. శేఖరు పాలబండిలో దింపుతాడు."

"అంతే మల్ల," అంది మునిరత్నమ్మ, ఏదో బరువు దిగినట్టు. "అలివేలుని గూడా ఎత్తకపో. ఇయ్యాల కాయలు వలవను కూలోళ్లొస్తారు. దాన్ని పట్టుకోను నాకు చేతులు చాలవు. నువ్వట్ట పోతానే ఏడుపు పెడతాది, సాయంత్రం దాకా ఆగదు."

ఇద్దరి టీసీలూ. ఆ మాట ఇంట్లో ఎవరికీ వింతగా అనిపించలేదు. హేమశ్రీకి కూడా వెంటనే అనిపించలేదు. పల్లవి చేత కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఇంకో కాగితం మీద తన సంతకం తనే పెట్టింది. నాలుగేళ్ల కూతురు అలివేలుకి గౌను వేసి, జడ వేసి, చంకనేసుకుని బయల్దేరింది.

ఆమె కాలేజీకి పోవడం మొదలైందే పల్లవి వల్ల. ఇంటర్ అయీ కాకముందే హేమశ్రీకి పెళ్లి చేసేశారు. పైచదువు అన్నమాట ఆమె పుట్టింట్లో ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఏర్పేడుకి కోడలిగా వచ్చి, బిడ్డని కని, ఆ బిడ్డకి రెండేళ్లు వచ్చే సమయానికి పల్లవికి తిరుపతిలో ఆడపిల్లల యూనివర్సిటీలో సీటు వచ్చే వీలు కనిపించింది. పిల్లని ఒంటరిగా రైల్లో పంపడానికి ధనంజయకి మనసొప్పలేదు. హాస్టల్లో వేయడానికి మునిరత్నమ్మకి మనసొప్పలేదు. అప్పుడు పల్లవి ఒకటే పట్టు పట్టింది. "వదిన వస్తే పోతా. లేకుంటే పోను." ఇంట్లో నాలుగు రోజులు రభస జరిగి, చివరికి హేమశ్రీ పెట్టెలో అడుగున ఉన్న ఇంటర్ మార్కుల కాగితం బయటికి తీశారు. ఇద్దరికీ హోమ్ సైన్సులో సీట్లు వచ్చాయి.

వదిన తోడు పోతోంది. ఊళ్లో ఎవరడిగినా ఇంట్లో చెప్పే మాట అదే. క్లాసులో కూడా ఎవరూ ఆమెని పేరు పెట్టి పిలవరు. పల్లవి పిలిచినట్టే అందరూ వదినా అనే పిలుస్తారు. మెస్‌లో ఎవరి కూరలో పురుగు వచ్చినా, ఎవరికి ఇంటిమీద బెంగ పుట్టినా, ఆ గోడు వచ్చి చేరేది వదిన దగ్గరికే.

పాలబండిలో క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకుంటూ మోగుతున్నాయి. అలివేలు తండ్రి పక్కన నిలబడి హారన్ నొక్కాలని చూస్తోంది. రేణిగుంట దాటాక హేమశ్రీ భర్త వైపు తిరిగింది.

"ఏమంటే," అంది చివరికి, "నన్నేం జెయ్యమంటావు?"

"దేనికి?"

"నా టీసీ సంగతి."

ధనశేఖర్ అద్దంలోకి చూశాడు, రోడ్డు వైపు చూశాడు. "నాయన చెప్పినాడు గదా."

"మామ చెప్పినాడు. నువ్వు చెప్పు."

"నాకేం తెలుసు హేమా? పల్లవి కోసరం పోతాండావు అనుకుంటి. అది మానేసినాక నీకేం కావల్లో నువ్వు చెప్తే గదా నాకు తెలిసేది."

హేమశ్రీ హారన్ మీది నుంచి బిడ్డ చెయ్యి తీసింది. తనకేం కావాలి? పొద్దున బిడ్డ ఏడుపు చెవిలో పెట్టుకుని రైలెక్కినప్పుడల్లా ఈ చదువు ఎందుకు వచ్చిందిరా దేవుడా అనుకుంది. క్లాసులో కూర్చున్నాక బిడ్డ సంగతి కాసేపు మరిచిపోయినందుకు తనని తానే తిట్టుకుంది. సెలవు రోజుల్లో ఇంట్లో ఉంటే సోమవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసింది. ఇందులో ఏది నిజమైన మనసో ఆమెకే తెలియలేదు. కాలేజీ మానేయాలంటే గుండెలో ఏదో తెగిపోయినట్టుంది. మానను అని చెప్పాలంటే అడిగే హక్కు లేనిదేదో అడుగుతున్నట్టుంది.

"పోనీలే," అంది. ఏది పోనీయమందో ఆమెకే తెలియదు.

గేటు దగ్గర దిగగానే రూతు ఎదురొచ్చింది. పలమనేరు పిల్ల, హాస్టల్లో ఉంటుంది, నోరు ఊరుకోదు.

"వదినోయ్! ఈ బొమ్మెవురు? నీ బిడ్డా? ఫోన్లో చూసిందానికంటే లావుగా ఉండాదే! నీ ఆడబిడ్డ యాడ? ఇంకా జడ వేసుకుంటా ఉండాదా?"

"మానేసింది రూతూ. టీసీ కోసరం వచ్చినా."

రూతు ముఖంలో నవ్వు ఆగిపోయింది. "పల్లవి మానేస్తే మానేసింది. నువ్వొస్తావు గదా?"

అంత సులభంగా అడిగేసిన ఆ ప్రశ్నని దాటేసి హేమశ్రీ ఆఫీసు వైపు నడిచింది.

కౌంటర్ వెనక ఉన్న ఆవిడ రెండు దరఖాస్తులూ చూసి కళ్లజోడు పైకి తోసుకుంది. "ఇదేందమ్మా, ఇద్దరూ ఒకేసారి? ఒకే ఇల్లా?"

"అవును మేడమ్. ఆ పిల్ల నా ఆడబిడ్డ. చదవలేనని మానేస్తా ఉండాది."

"మరి నువ్వెందుకు మానేస్తుండావు?"

"నేను... ఆమెకి తోడు వచ్చేదాన్ని మేడమ్."

"తోడొచ్చినదానివి బయట చెట్టుకింద కూచోవాల గానీ, పరీక్షలు రాసి పాసయ్యేదెందుకమ్మా?" అని ఆవిడ కాగితాలు వెనక్కి తోసింది. "పోయి మీ డిపార్ట్‌మెంట్ మేడమ్‌తో సంతకాలు పెట్టించుకొని రా."

పక్కనున్న ఇంకో ఆవిడ నవ్వింది. హేమశ్రీ కూడా నవ్వబోయింది. సగంలో ఆపి కాగితాలు అందుకుంది.

హోమ్ సైన్స్ విభాగంలో కింది అంతస్తు అంతా చిన్నపిల్లల బడి. చుట్టుపక్కల ఇళ్ల పిల్లలు పొద్దున్నే వచ్చి ఆడుకుంటారు. గోడకి పెద్ద అద్దం ఉంటుంది. పిల్లలకి అది వట్టి అద్దమే, అందులో వాళ్ల ముఖాలే కనిపిస్తాయి. దాని వెనక చీకటిగదిలో కూర్చున్న డిగ్రీ అమ్మాయిలకి మాత్రం పిల్లలు కనిపిస్తారు. మాటలు వినిపించడానికి ఒక స్పీకరు కూడా ఉంది. పిల్లలు ఎలా ఆడతారో, ఎలా పోట్లాడుకుంటారో, ఎలా మళ్లీ కలుస్తారో చూసి నేర్చుకోవడమే వాళ్ల ప్రాక్టికల్ క్లాసు.

చంద్రకాంతమ్మ మేడమ్ తలుపు దగ్గరే ఎదురైంది. కాగితాలు చేతికి తీసుకోకుండానే అలివేలుని చూసి వంగింది. "ఎవరమ్మా నువ్వు? ఆడుకుంటావా?"

"మేడమ్, సంతకం..."

"క్లాసు అయ్యాక చూద్దాం. పాపని లోపల వదులు. నువ్వు పోయి వెనక కూర్చో."

అలివేలు తల్లి చున్నీ పట్టుకుని ఏడుపు అందుకుంది. ఆయా బలవంతంగా వేళ్లు విడిపించింది. ఆ ఏడుపు వెంటబెట్టుకునే హేమశ్రీ చీకటిగదిలోకి వచ్చి రూతు పక్కన కూర్చుంది. ఇది తను రోజూ వాకిట్లో విని, రైలెక్కే ఏడుపే. ఇప్పుడు సాయంత్రం దాకా ఇలాగే ఏడుస్తుంది, ఎట్లా చూసేది అనుకుంది.

అలివేలు ఇంకాసేపు ముక్కు చీదింది. ఒక పిల్లాడు ఎర్రబంతి దొర్లిస్తే కాలితో ఆపింది. ముక్కు గౌనుకి తుడుచుకుంది. ఇక ఏడవలేదు.

"అంతేనా?" అంది హేమశ్రీ పైకే.

"ఇంకేం కావల్ల వదినా, దొర్లి దొర్లి ఏడవల్లా?" అంది రూతు.

హేమశ్రీకి ఊపిరి తేలికైంది. ఆ వెంటనే గుండెలో ముల్లులా ఏదో గుచ్చుకుంది. నేను లేకపోయినా ఫరవాలేదా దీనికి? సంతోషించాలో బాధపడాలో తేల్చుకోలేక ఒళ్లో చేతులు నలుపుకుంటూ చూసింది.

అలివేలు బొమ్మల మూలకి పోయింది. బుట్టలోంచి ఒక చేతిగుడ్డ తీసి చున్నీలా మెడలో వేసుకుంది. ఒక ఖాళీ సంచి భుజానికి తగిలించుకుంది. సరాసరి అద్దం ముందుకొచ్చి నిలబడింది. హేమశ్రీ ముఖానికి జానెడు దూరంలో, ఆమె కళ్లలోకే చూస్తున్నట్టు చూస్తూ, నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోసుకుంది.

"పల్లవత్తా, బిరీన రా. రైలు పోతాది."

చీకటిగదిలో అమ్మాయిలు ఫక్కున నవ్వారు. అలివేలు చాపమీద పడుకోబెట్టిన గుడ్డబొమ్మ దగ్గరికి పోయి చెయ్యి పట్టి లాగింది. బొమ్మ లేచినట్టే లేచి పడిపోయింది. అలివేలు నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

"రావా? సరే, పండుకో. నేను పొయ్యొస్తా. బిస్కెట్ తెస్తాలే."

బొమ్మకి గుడ్డ కప్పింది. గది చుట్టూ ఒక చుట్టు తిరిగి, గోడవార కూర్చుని, బొమ్మల పుస్తకం ఒళ్లో తెరిచింది. ఎర్రబంతి పిల్లాడు దగ్గరికొచ్చి ఆడుకుందాం రమ్మన్నాడు.

"సద్దు జెయ్యాకు," అంది అలివేలు గంభీరంగా. "నేను అమ్మని. కాలేజీలో ఉండా."

"వదినా, అచ్చం నువ్వే!" అంటూ రూతు తిరిగి చూసి, గొంతు తగ్గించింది. "అయ్యో, ఏడుస్తాండావెందుకు?"

హేమశ్రీ తల అడ్డంగా ఊపింది. ఈ రెండేళ్లలో తను ఒక్కసారి కూడా ఊహించనిదాన్ని ఆ పిల్ల ఇంత తేలికగా ఆడేసింది. పల్లవత్త రాకపోతే అమ్మ ఆగిపోవాలని ఆ బిడ్డకి ఎవరూ చెప్పలేదు.

క్లాసయ్యాక చంద్రకాంతమ్మ మేడమ్ పల్లవి దరఖాస్తు మీద సంతకం పెట్టి, చెయ్యి చాచింది. "రెండోది ఏదీ?"

హేమశ్రీ రెండో కాగితాన్ని మడిచింది. "అది... వద్దు మేడమ్. ఇంట్లో ఇంకా అడగల్ల."

"అడుగు. పాపని కూడా తీసుకురా కావాలంటే. ఇక్కడ చోటుంది."

సాయంత్రం ధనశేఖర్ పాలబండిలోనే ఇల్లు చేరేటప్పటికి కూలోళ్లు వెళ్లిపోయారు. వాకిట్లో చెనక్కాయల కుప్ప పక్కన ధనంజయ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మునిరత్నమ్మ చేట ఒళ్లో పెట్టుకుని మట్టి చెరుగుతోంది. పల్లవి పొద్దునంతా పడుకున్న పాపానికి కాయలు ఏరుతోంది.

"ఇచ్చినారా?" అన్నాడు ధనంజయ.

"పల్లవి కాగితం ఇచ్చేసి వచ్చినా మామా. వారంలో టీసీ ఇస్తారంట."

"నీదో?"

హేమశ్రీ బ్యాగు పట్టీ బిగించి పట్టుకుంది. "నాది ఇయ్యలేదు."

చేట ఆగింది. "ఏం, ఆఫీసు మూసేసినారా?" అంది మునిరత్నమ్మ.

"లేదత్తా. నేనే ఇయ్యలేదు."

"ఎందుకియ్యలేదు? ఇంక ఎవురికోసరం పోతావు? తోడు పోవల్సిన బిడ్డే ఇంట్లో కూచున్యాక!" మునిరత్నమ్మ గొంతు పెరిగింది. "కన్నబిడ్డ ఈడ గొంతు పగిలేట్టు ఏడుస్తా ఉంటే, నేను ఒక చేత్తో పొయ్యి, ఒక చేత్తో బిడ్డ అని అల్లాడతా ఉంటే, పల్లవి చదువు గదా అని ఓర్సుకున్యా. ఆ పొద్దు నిద్రపోయి దిగేది మరిసిపోయి కాళాస్తిరి దాకా పోయినారే, దీపాలు పెట్టినాక వచ్చినారే, అప్పుడు గూడా ఊళ్లోవాళ్లకి నేనే జవాబు చెప్పుకున్యా! ఎవురి కోసరం? నా కూతురి కోసరం!"

"తెలుసు అత్తా."

"తెలిస్తే మల్ల?"

"మల్ల ఏందో నాకూ తెలీదు," అంది హేమశ్రీ. ఏడుపొచ్చేస్తోంది, మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. "ఆడుంటే బిడ్డ గుర్తొస్తాది. ఈడుంటే ఆ క్లాసు గుర్తొస్తాది. నేను మంచిదాన్నో చెడ్డదాన్నో తెలీడంలే. మానేయల్లనే పోయినా అత్తా, నిజంగా. కాగితం ఇయ్యబోతే చెయ్యి రాలేదు. అంతే. ఇంకేం చెప్పమంటావు?"

ధనశేఖర్ పాలక్యాను కింద పెట్టి, బిడ్డని చంకనెత్తుకున్నాడు. ధనంజయ గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏదో అనేలోపే పల్లవి ఒళ్లోని కాయలు దులిపి లేచింది.

"ఆ పొద్దు మేం నిద్రపోలేదుమా."

అందరూ అటు తిరిగారు.

"కాళాస్తిరి పోయిన పొద్దు. నిద్రపోయినామని మీకు అబద్ధం చెప్పింది నేను. వదిన కిటికీ కాడ పుస్తకం పెట్టుకోని చదువుతా ఉండాది. ఏర్పేడు వచ్చింది. నేను సూస్తానే ఉండా. బోర్డు సూసినా, మనోళ్లు దిగేది సూసినా. వదిన మొకం సూసి లేపబుద్ధి కాలేదు. ఇంట్లో ఎప్పుడన్నా అట్టా ఉంటాదా ఆ మొకం? ఇంకొంచేపు సదువుకోనీలే అనుకున్యా. రైలు కదిలిపోయింది."

హేమశ్రీ నోరు తెరుచుకుని చూసింది. ఆ రోజంతా పల్లవిని తిట్టింది తను. ఒక స్టేషను చూసుకోలేవా అని.

"నాకా సదువు మొదటి పరీక్షలప్పుడే ఎక్కలేదు నాయనా," అంది పల్లవి తండ్రి వైపు తిరిగి. "అప్పుడే మానేద్దామనుకున్యా. నేను మానేస్తే వదినని గూడా మీరు ఆపేస్తారని తెలుసు. అందుకే పోతా వచ్చినా. ఇంక నావల్ల కాదు, ఆ పుస్తకాలు సూస్తేనే తల తిరగతాది. పొద్దున నువ్వు ఇద్దరి టీసీలూ అంటివే, ఆమె ఒక్కమాటన్నా అంటాదేమోనని దుప్పట్లోనించి సూస్తా ఉండా. అనలా. నేను చెప్తే అది నా మాట అయితాది. ఆమె నోట రావల్ల గదా?"

పల్లవి వదిన దగ్గరికొచ్చింది, కోపంగానే.

"నువ్వు నాకు తోడొస్తాండావని ఊరంతా చెప్తిరి. ఇన్ని దినాలూ నీకు తోడొచ్చింది నేను వదినా."

హేమశ్రీ పల్లవిని చెయ్యి పట్టి లాగి, అక్కడే కాయల కుప్ప పక్కన కూర్చుంది. రికార్డు రాయలేదని ఎన్నిసార్లు తిట్టింది ఈ పిల్లని! బద్ధకమనుకుంది, పొగరనుకుంది. పల్లవి మెడ పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "ముందే చెప్పుండకూడదా? మొద్దా! ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు గూడా మానేసుంటావు," అంది పల్లవి. వదిన కళ్లు తన చేత్తో తుడిచింది.

మునిరత్నమ్మ చేట పక్కన పెట్టింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ జేరి నన్ను బలే ఆడించినారు," అంది. తిట్టబోయిన మాట అది, ఇంకోలా వచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. తన ఆఖరి భయం బయటపెట్టింది. "అయితే మాత్రం? ఒంటిగా పోతావా రైల్లో? తోడు ఎవురుండారు?"

తండ్రి చంకలో ఉన్న అలివేలుకి ఆ ప్రశ్న ఒక్కటే అర్థమైంది. "నేనుండా గదా!" అంది.

ధనశేఖర్‌కి నవ్వొచ్చింది. "అవునుమా. ఆడ బిడ్డల బడి ఉండాదంట, మేడమ్ రమ్మనిందంట. పొద్దున స్టేషన్ కాడ దింపను నేనుండా." ఇంట్లో తండ్రి ఉండగా అంత పొడుగు మాట అతను మాట్లాడటం అదే మొదటిసారి. అనేసి, తండ్రి వైపు బెదురుగా చూశాడు.

ధనంజయ కుర్చీలోంచి లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. కోడలి ముఖం చూడకుండా, కాయల కుప్ప చూస్తూ అన్నాడు. "మూడో ఏడు గదా. సగంలో దిగిపోతే ఎట్ల. పోనీ." వీధి వైపు నడిచి, గేటు దగ్గర ఆగి, "పల్లవీ, మగ్గం యాడ నేర్పిస్తారో కనుక్కో," అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున హేమశ్రీ అలవాటు కొద్దీ తనకీ పల్లవికీ రెండు బాక్సులు కట్టింది. తరవాత బిడ్డకని ఇంకోటి కట్టింది. మూడు బాక్సులూ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఒకటి ఎక్కువైందని అర్థమై, అలాగే నిలబడిపోయింది. పల్లవి వెనకనుంచి వచ్చి ఒక బాక్సు లాక్కుంది.

"కాలేజీ వద్దంటి గానీ నువ్వు కట్టే బాక్సు వద్దనలేదు." గడప మీద కూర్చుని, అప్పుడే మూత తీసి, తినడం మొదలుపెట్టింది. "పో వదినా. రైలు పోతాది."

గేటు దాటుతూ హేమశ్రీ వెనక్కి తిరిగి చూసింది. మునిరత్నమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఈ రోజు ఆమె చంకలో బిడ్డ లేదు. ఖాళీగా ఉన్న ఆ చేతుల్ని ఏం చేయాలో తెలియనట్టు కొంగు సర్దుకుంటోంది. అది చూసి హేమశ్రీ అడుగు ఆగింది. చేస్తున్నది సరైనదేనా? తెలియదు. నిన్నటికీ ఈ రోజుకీ పెద్దగా తెలిసిందేమీ లేదు.

చిటికెన వేలు పట్టుకుని అలివేలు ముందుకి లాగింది.

"బిరీన రామ్మా," అంది ఆ పిల్ల, తల్లి గొంతుతోనే.

హేమశ్రీ నడిచింది.